సూది ఎంత లోతుకు వెళ్ళాలి? పిరిఫార్మిస్ కండరాన్ని కొలవడం గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం. పీజీ విద్యార్థులకు, ఫిజియోథెరపిస్టు మిత్రులకు, వేదిక మీది పెద్దలకు వందనాలు. తుంటి నొప్పి గురించి చెబుతారని విని వచ్చామని బయట వరండాలో నాతో అన్న ఇద్దరు పెద్దవారికి కూడా నమస్కారం. వారు ఇక్కడ ఉన్నారు కాబట్టి వైద్య పరిభాషను వీలైనంత తగ్గించి మాట్లాడతాను. విద్యార్థులకు తెలిసిన సంగతులే కొన్ని మళ్ళీ వినవలసి వస్తుంది, మన్నించాలి.

నా చేతిలో ఉన్నది 22 గేజ్ స్పైనల్ సూది. దీని పొడవు 89 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అంగుళాలు. వెన్నులో మత్తు ఇవ్వడానికి మత్తు వైద్యులం రోజూ వాడేది ఇదే కాబట్టి, నొప్పి చికిత్సలోకి వచ్చినప్పుడు కూడా చెయ్యి అలవాటుగా దీని మీదికే పోతుంది. పిర్ర లోపలి పొరలో ఉన్న ఒక కండరానికి ఈ సూది అందుతుందా, అందదా అన్న ప్రశ్నకు చర్మం మీద గుచ్చకముందే జవాబు చెప్పగలగాలి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఆ కండరం పేరు పిరిఫార్మిస్. బేరిపండు ఆకారంలో ఉంటుందని లాటిన్‌లో ఆ పేరు పెట్టారు. వెన్నెముక చివర ముక్కోణంగా ఉండే త్రికాస్థి ముందు భాగంలో, అంటే కటి లోపలి వైపున, ఇది పుడుతుంది. అక్కడి నుంచి కటి ఎముక గాడి గుండా బయటికి వచ్చి, పిర్రలోని పెద్ద కండరం కింద అడ్డంగా, కొంచెం కిందికి వాలుతూ సాగి, తొడ ఎముక పైభాగాన మనకు పక్కన చేతికి తగిలే గుబ్బ మీద సన్నని స్నాయువుగా అతుక్కుంటుంది. నిలబడి ఉన్నప్పుడు తొడను బయటికి తిప్పడం దీని పని. తుంటి దగ్గర కాలు మడిచి కూర్చున్నప్పుడు ఇదే కండరం తొడను పక్కకు జరుపుతుంది. చిన్న కండరమే అయినా దీనికి ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం దీని ఇరుగుపొరుగు. శరీరంలో అన్నిటికంటే లావైన నరం, సయాటిక్ నరం, సాధారణంగా దీని కింది అంచు దగ్గర నుంచి బయటికి వచ్చి కాలిలోకి దిగుతుంది. దానితో పాటే రక్తనాళాలూ, మరికొన్ని నరాలూ అదే ఇరుకు సందులోంచి వస్తాయి.

పిర్ర నుంచి పిక్క దాకా లాగే నొప్పి మన వాళ్ళకు కొత్త కాదు. ఆయుర్వేదం దాన్ని గృధ్రసి అంది. గృధ్రం అంటే రాబందు. ఆ నొప్పి ఉన్నవాడు రాబందులా కాలు ఈడుస్తూ నడుస్తాడని ఆ పేరు. ఇంత కచ్చితమైన పరిశీలన ఆ రోజుల్లో ఎవరు చేశారో గాని, ఓపీ గది గుమ్మం దాటి వచ్చే రోగి నడక చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. ఈ నొప్పిలో ఎక్కువ భాగం నడుములోని డిస్క్ వల్ల వస్తుంది. కొందరిలో మాత్రం నడుము ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గదు, కూర్చుంటే పెరుగుతుంది, పిర్ర మధ్యలో వేలుతో నొక్కితే రోగి ఎగిరిపడతాడు. 1928లో యోమన్ అనే వైద్యుడు సయాటికాకు ఈ కండరంతో సంబంధం ఉండవచ్చని రాశాడు. 1947లో రాబిన్సన్ దానికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఇతర కారణాలన్నీ లేవని తేలిన తరువాతే ఆ పేరు రాయాలి. ఈ మధ్య కొందరు మొదటి రోజే రాసేస్తున్నారు, అది సరికాదు.

ఈ కండరంలోకి మందు ఎక్కించడం ఇటు పరీక్షా, అటు చికిత్సా కూడా. మత్తుమందు కొద్దిగా ఇస్తే నొప్పి వెంటనే తగ్గిందా లేదా అన్నది నొప్పి ఎక్కడ పుడుతోందో చెబుతుంది. అందుకే మందు కండరంలోనే పడాలి. పై కండరంలో పడి నొప్పి తగ్గకపోతే, పిరిఫార్మిస్‌ది తప్పు కాదనే తప్పుడు నిర్ణయానికి వస్తాం. సయాటిక్ నరం చుట్టూ పడి నొప్పి తగ్గితే, కండరానిదే తప్పనే మరో తప్పుడు నిర్ణయానికి వస్తాం. రెండో సందర్భంలో రోగి బల్ల దిగి నిలబడబోయి, పాదం లేవక తూలిపోతాడు కూడా. మత్తు దిగాక అది సర్దుకుంటుంది, కానీ ఆ కొన్ని గంటలు రోగికీ, వెంట వచ్చినవారికీ ఎంత భయంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మొదట్లో ఇది చేతి అంచనాతో జరిగేది. మలద్వారంలోంచి ఒక వేలు పెట్టి కండరాన్ని తడుముతూ, రెండో చేత్తో బయటి నుంచి సూదిని ఆ వేలి వైపు నడిపించేవారు. తరువాత ఎక్స్‌రే తెర వచ్చింది, దాన్నే మనం ఫ్లోరోస్కోపీ అంటున్నాం. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, కండరం కనిపించదు. అందుకని కొంచెం రంగు మందు వేసి, అది కండరం ఆకారంలో ఏటవాలు గీతలా పరుచుకుంటే సరైన చోటే ఉన్నామని అనుకునేవారు. ఇందులో ఒక చిక్కు ఉంది. పైన ఉన్న పెద్ద పిర్ర కండరం, అంటే గ్లూటియస్ మాక్సిమస్, దాని పోగులు కూడా దాదాపు అదే వాలులో ఉంటాయి. రంగు మందు దానిలో పడినా తెర మీద అలాంటి గీతే కనిపిస్తుంది.

ఈ చిక్కు ఎంత పెద్దదో 2008లో ఫినాఫ్, ఆయన సహచరులు మృతదేహాల మీద చేసిన పరిశోధన చూపింది. 20 పిరిఫార్మిస్ కండరాలలో ఒక్కొక్కదానికి రెండేసి ఇంజెక్షన్లు ఇచ్చారు: ఒకటి అల్ట్రాసౌండ్ చూస్తూ, ఇంకొకటి రంగు మందుతో ఎక్స్‌రే చూస్తూ, వేర్వేరు రంగుల లాటెక్స్‌తో. తరువాత కోసి చూశారు. అల్ట్రాసౌండ్ చూస్తూ ఇచ్చినవి 20లో 19 కండరంలో పడ్డాయి. ఎక్స్‌రే చూస్తూ ఇచ్చినవి 20లో 6 మాత్రమే పడ్డాయి. తప్పినవాటిలో ఎక్కువ భాగం పైపొరలోనే, అంటే గ్లూటియస్ మాక్సిమస్‌లోనే ఉండిపోయాయి. అంటే అక్కడ జరిగింది ముఖ్యంగా లోతు తప్పడం. ఆ లోతును కొలిచే సాధనం ఇప్పుడు మన చేతిలో ఉంది, కాబట్టి అంచనా వేయవలసిన అవసరం లేదు.

అయితే కొలవడం అంటే తెర మీద రెండు చుక్కలు పెట్టి మధ్య అంకె చదవడం అని చాలామంది అనుకుంటారు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకపోతే అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

రోగిని బోర్లా పడుకోబెడతాం. అల్ట్రాసౌండ్ యంత్రంలో చర్మం మీద ఆనించే పనిముట్టును ప్రోబ్ అంటాం. లోతుకు వెళ్ళగల వంపు ప్రోబ్, 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ ఉన్నది, వాడతాం; మణికట్టు నరాలు చూడటానికి వాడే చదును ప్రోబ్ బొమ్మ స్పష్టంగా ఇస్తుంది కాని ఇంత లోతు చూడలేదు. నడుము కింద రెండు వైపులా సొట్ట పడే చోట, వేలికి తగిలే ఎముక కొన దగ్గర ప్రోబ్ పెడితే తెర మీద తెల్లగా మెరిసే ఎముక గీత కనిపిస్తుంది. అక్కడి నుంచి బయటి వైపుకి, తరువాత కిందికి మెల్లగా జరుపుతూ పోతే, ఒక చోట ఆ తెల్లగీత హఠాత్తుగా తెగిపోతుంది. అదే కటి ఎముక గాడి. ఆ ఖాళీలో రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. పైన మందంగా ఉన్నది గ్లూటియస్ మాక్సిమస్, కిందది పిరిఫార్మిస్. ఇంతలో సహాయకుడు రోగి మోకాలిని మడిచి, పాదాన్ని బయటికీ లోపలికీ ఊపుతాడు. తుంటి కీలు తిరుగుతున్నకొద్దీ కింది కండరం తెర మీద అటూ ఇటూ జారుతుంది, పైది దాదాపు కదలదు. నేను ఈ కదలిక చూడకుండా ఏనాడూ సూది చేతిలోకి తీసుకోను. మరీ కిందికి జరిగితే కూర్చునే ఎముక వైపు ముల్లులాంటి కొన కనిపిస్తుంది. అది కనిపించిందంటే మీరు పిరిఫార్మిస్ దాటి దాని కింది చిన్న కండరాల దగ్గరికి వచ్చేశారని అర్థం, మళ్ళీ పైకి రావాలి.

ఇప్పుడు కొలతలు. మొదటిది లోతు, చర్మం నుంచి కండరం పై పొర వరకు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ప్రోబ్‌ను గట్టిగా అదమడం. అదిమితే బొమ్మ స్పష్టంగా వస్తుంది, నిజమే. కానీ కింద ఉన్న కొవ్వు పిండిముద్దలా నలిగి పలచబడుతుంది, లోతు తక్కువగా చూపుతుంది. సూది గుచ్చేటప్పుడు చెయ్యి సడలితే కొవ్వు మళ్ళీ పొంగుతుంది, మనం కొలిచిన లోతుకు కండరం ఉండదు. అందుకని జెల్ ఎక్కువగా వేసి, ప్రోబ్ బరువు మాత్రమే చర్మం మీద ఆనేలా పెట్టి ఒకసారి, అదిమి ఒకసారి, రెండు అంకెలూ రాసుకోవాలి. యంత్రం వైపు నుంచి కూడా ఒక చిన్న దోషం ఉంది. శబ్దం ఒంట్లో సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందని యంత్రం లెక్క వేసుకుంటుంది. కొవ్వులో ఆ వేగం సుమారు 1450 మాత్రమే. అందువల్ల 3 సెంటీమీటర్ల కొవ్వును యంత్రం సుమారు 3.2గా చూపుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల ప్రమాదం ఏమీ రాదు గాని, దశాంశ స్థానం దాకా రాసిన అంకెను చూసి మురిసిపోకూడదని చెప్పడానికి ఇది ఎత్తాను.

రెండో కొలత కండరం మందం. ఇది లోతు కంటే మోసకారి. కండరాన్ని అడ్డంగా, దాని పొడవుకు లంబంగా కోస్తే వచ్చేదే అసలు మందం. ఆకుకూరల బల్ల దగ్గర ములక్కాడను నిటారుగా కోసిన ముక్కనూ, ఏటవాలుగా కోసిన ముక్కనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏటవాలు ముక్క ముఖం పొడవుగా ఉంటుంది. ప్రోబ్ వాలినప్పుడు జరిగేదీ అదే. అసలు మందం 18 మిల్లీమీటర్లు ఉన్న కండరాన్ని 30 డిగ్రీల వాలుతో కోస్తే తెర మీద 20.8 మిల్లీమీటర్లు కనిపిస్తుంది. దాదాపు 3 మిల్లీమీటర్లు మన చేతి వాలు వల్ల పుట్టుకొచ్చాయి. ఎంఆర్‌ఐకి కూడా ఈ దోషం తప్పదు, ఎందుకంటే మామూలుగా తీసే అడ్డకోతలు శరీరానికి అడ్డంగా ఉంటాయి, ఈ కండరమేమో ఏటవాలుగా ఉంటుంది. రోగి ఒక పక్కకు కొద్దిగా ఒరిగి పడుకుంటే కుడి, ఎడమల కోతలు వేరువేరు ఎత్తుల్లో పడతాయి.

ఆ 3 మిల్లీమీటర్లను గుర్తుపెట్టుకోమని ఎందుకు అడుగుతున్నానంటే, రిపోర్టుల్లో నేను తరచుగా చూసే వాక్యం ఒకటి ఉంది: కుడి పిరిఫార్మిస్ ఎడమదాని కంటే మందంగా ఉంది, కాబట్టి పిరిఫార్మిస్ సిండ్రోమ్. రోగి ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తాడు, తన జబ్బు ఫొటోలో దొరికిందన్న నమ్మకంతో. ఈ కండరం జబ్బు ఉందన్న అనుమానమే లేని 100 మంది ఎంఆర్‌ఐలను రస్సెల్ బృందం పరిశీలించి 2008లో ప్రచురించింది. కండరం సగటు మందం 1.9 సెంటీమీటర్లు, కాని అది ఒకరిలో 0.8, ఇంకొకరిలో 3.2 వరకు ఉంది. ఆ వంద మందిలో 19 శాతానికి రెండు వైపులా 3 మిల్లీమీటర్లకు మించిన తేడా ఉంది, కొందరిలో అది 8 దాకా పోయింది. అంటే ఈ జబ్బు అనుమానమే లేని ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి ఆ తేడా ఉంటుంది. పైగా ఆ తేడాలో కొంత కోత వాలు వల్ల కూడా రావచ్చునని ఇప్పుడే చూశాం. మరోవైపు 2005లో ఫిల్లర్ బృందం, డిస్క్ వల్ల కాని సయాటికా ఉన్న 239 మందిని పరిశీలించి, నరాలను ప్రత్యేకంగా చూపే ఎంఆర్‌ఐలో కండరం తేడాతో పాటు గాడి దగ్గర సయాటిక్ నరం కూడా మెరుస్తూ కనిపిస్తే దానికి 93 శాతం విశిష్టత, 64 శాతం సున్నితత్వం ఉన్నాయని చూపింది; అంటే జబ్బు లేనివారిలో 93 శాతం మందికి లేదనే చెబుతుంది, ఉన్నవారిలో 64 శాతం మందిని పట్టుకుంటుంది. ఈ రెండు ఫలితాలకూ పొంతన లేదని కొందరు వాదిస్తారు. నాకు అలా అనిపించదు. మందం తేడా ఒక్కటే ఉంటే దాని విలువ చాలా తక్కువ, నరంలో మార్పు కూడా తోడైతేనే బరువు వస్తుంది. అందుకని నా వరకు మందం కొలత పని జబ్బు పేరు తేల్చడం కాదు. సూది మొన ఎంత దూరం లోపలికి పోతే కండరం అవతలి పొర చీలుతుందో తెలుసుకోవడం. 8 మిల్లీమీటర్ల కండరంలో నిలపవలసిన మొనకూ, 32 మిల్లీమీటర్ల కండరంలో నిలపవలసిన మొనకూ చేతిలో ఎంత తేడా కావాలో ఊహించండి.

మూడో కొలత సయాటిక్ నరం ఎక్కడుంది, ఎంత దూరంలో ఉంది అన్నది. 1937లో అమెరికాలో బీటన్, ఆన్సన్ అనే ఇద్దరు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఈ నరానికీ కండరానికీ ఉన్న సంబంధాన్ని ఆరు రకాలుగా వర్గీకరించారు. ఎక్కువమందిలో నరం చీలకుండా కండరం కిందుగా వస్తుంది. తరువాత తరచుగా కనిపించేది, నరం రెండుగా చీలి ఒక పాయ కండరాన్ని చీల్చుకుని, ఇంకో పాయ కింది నుంచి రావడం. ఆరు వేలకు పైగా మృతదేహాల లెక్కలు కలిపి చూస్తే ఇలాంటి మార్పులు సుమారు 17 శాతం మందిలో ఉన్నాయి. అంటే పుస్తకంలో బొమ్మ చూసి, కండరం నడిమధ్యలో నరం ఉండదని ధైర్యంగా గుచ్చేవాడికి ఆరుగురిలో ఒకరి దగ్గర ఎదురుదెబ్బ కాచుకుని ఉంటుంది. తెర మీద నరం తేనెపట్టులాంటి చుక్కల గుత్తిగా కనిపిస్తుంది; కండరం మధ్యలో అది కనిపిస్తే ఆగిపోవాలి.

ఇక సూది దగ్గరికి తిరిగి వస్తాను. అల్ట్రాసౌండ్ చూస్తూ గుచ్చేటప్పుడు సూదిని నిటారుగా దించం. సూది పొడవునా తెర మీద కనిపించడానికి, ప్రోబ్ లోపలి చివర దగ్గర మొదలుపెట్టి, బయటి వైపుకి ఏటవాలుగా తోస్తాం. నిటారు లోతు 6 సెంటీమీటర్లు అయితే 45 డిగ్రీల వాలులో సూది ప్రయాణించే దూరం 8.5 సెంటీమీటర్లు. ఈ 89 మిల్లీమీటర్ల సూది బొటాబొటిగా సరిపోతుంది. లోతు 7 అయితే ప్రయాణం 9.9, ఇక ఇది అందదు. 60 డిగ్రీలు నిలబెడితే 8.1తో అందుతుంది, కాని అంత నిట్రంగా దిగిన సూది మీద పడిన శబ్దం ప్రోబ్ వైపు తిరిగి రాదు, మొన కనిపించకుండా పోతుంది. ఈ గుణకారం పదో తరగతి త్రికోణమితే. అయినా దాన్ని చేయకుండా బల్ల దగ్గరికి పోయినవాడిని ఒకడిని ఎరుగుదును, అది నేనే.

చాలా ఏళ్ళ క్రితం, ఒక ఆసుపత్రిలో, ఒక లారీ డ్రైవర్‌కు ఈ ఇంజెక్షన్ ఇచ్చాను. భారీ మనిషి. లోతు కొలవలేదు, చూపుతోనే అంచనా కట్టాను. సూది పూర్తిగా దిగిపోయి దాని ప్లాస్టిక్ మొదలు చర్మానికి ఆనుకుంది. మొన తెర మీద మసకగా, పొర పైనే ఉన్నట్టు కనిపించింది. మొదలును ఇంకాస్త అదిమితే చర్మం సొట్టపడింది, మొన ఒక మిల్లీమీటరో రెండో కిందికి కదిలినట్టు తోచింది, పొర దాటిందని నన్ను నేను ఒప్పించుకుని మందు ఎక్కించాను. ఆయనకు ఆ పూట కొంచెం హాయిగా అనిపించింది, మూడో రోజుకి నొప్పి ఎప్పటిలాగే ఉంది. "మీ కండరానిది తప్పు కాదండీ, మళ్ళీ నడుము చూద్దాం" అని చెప్పి పంపించాను. కొన్ని వారాల తరువాత ఆయన తిరిగి వచ్చినప్పుడు కొలిచి చూస్తే, ప్రోబ్ అదమకుండా లోతు 7 సెంటీమీటర్లు దాటింది. మొదటిసారి మందు మొత్తం పై కండరంలోనే పడిందన్నమాట. పొడుగు సూది తెప్పించి మళ్ళీ ఇచ్చాను. ఆ తరువాత ఆయన బల్ల మీద లేచి కూర్చుని, పర్సు ఉండే వెనక జేబు తట్టుకుని చూసి, "ఇప్పుడు దిగిందండీ" అన్నాడు. సూది గురించి అన్నాడో, నొప్పి గురించి అన్నాడో నేను అడగలేదు.

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. చిన్న కండరం కాబట్టి కొద్ది మిల్లీలీటర్లే సరిపోతాయి. ఎక్కువ పోస్తే పొర దాటి నరం వైపు పొర్లుతుంది. మత్తుమందుకు స్టెరాయిడ్ కలిపితే లాభం ఎక్కువని చాలాకాలం అనుకున్నాం. 2015లో వచ్చిన ఒక యాదృచ్ఛిక పరీక్షలో, అంటే ఎవరికి ఏ మందో చీటీ వేసినట్టు పంచి చేసిన పరీక్షలో, లిడోకైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇచ్చినవారికీ, బెటామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవారికీ తేడా కనిపించలేదు. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది కాబట్టి, మధుమేహం ఉన్నవారు ఇంతమంది వచ్చే మన ఓపీల్లో అది పట్టించుకోవలసిన సంగతి. మళ్ళీ మళ్ళీ నొప్పి తిరగబెట్టేవారికి కండరాన్ని సడలించే బొట్యులినమ్ టాక్సిన్ ఇస్తాం. దాని పని కొన్ని రోజులకు మొదలై సుమారు మూడు నెలలు ఉంటుంది. ఇక్కడ కొలతకు మరో ఉపయోగం ఉంది: టాక్సిన్ తీసుకున్న కండరం పలచబడుతుందని, దానిలో కొవ్వు చేరుతుందని ఎంఆర్‌ఐ పరిశీలనల్లో తేలింది. కాబట్టి రెండోసారి ఇవ్వబోయే ముందు పాత రిపోర్టులోని మందాన్ని నమ్ముకోకూడదు, కొత్తగా కొలవాలి.

ఇప్పుడు పక్క గదిలో యంత్రం మీద చూపిస్తాను. యంత్రాన్ని ఇక్కడికే తెప్పించవచ్చు కదా అని నిర్వాహకుల్లో ఒకరు అడిగారు. 1994 నాటి పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదు కావాలి, నమోదైన చోటి నుంచి దాన్ని ఇష్టం వచ్చినట్టు కదపకూడదు. మేం చూసేది పిర్ర కండరాలే అయినా చట్టం యంత్రాన్ని చూస్తుంది, మా ఉద్దేశాన్ని కాదు. ఆడపిల్లలు పుట్టకుండానే పోయిన జిల్లాల లెక్కలు తెలిసిన వాడిగా ఆ నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు.

విద్యార్థుల్లో ఒకరు బల్ల మీద పడుకోవడానికి ముందుకొచ్చారు, సంతోషం. మిగిలినవారిలో ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా, ఆయన కుడి పిరిఫార్మిస్ లోతు, మందం, నరానికి దూరం మూడూ కొలిచి కాగితం మీద రాయండి. ప్రోబ్ అదిమారా లేదా, మోకాలు మడిచి ఉందా చాచి ఉందా అన్నది కూడా అంకె పక్కనే రాయాలి. రెండు కాగితాలూ విప్పి పక్కపక్కన పెట్టాక, ఆ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే, ఎవరి చెయ్యి వాలిందో అందరం కలిసి తెర మీద వెతుకుదాం. రండి.